గాజువాక నుంచి జ్ఞానాపురం దాకా... అక్క, నేను, ఆరు కొలత గిన్నెలు

పొద్దున్న ఆరున్నర. గాజువాకలో మా వీధి చివర టిఫిన్ బండి పక్కన యాక్టివా ఆపి నిలబడ్డాను. రోజూ ల్యాప్‌టాప్ మోసే బ్యాగులో ఈరోజు ల్యాప్‌టాప్ లేదు. ఐదు కిలోల దాకా తూచే డిజిటల్ కాటా, స్టీలు గిన్నెలు ఆరు, గరిటెలు మూడు, చెంచాలు నాలుగు, గీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి ఉన్నాయి. బండి గతుకులో పడినప్పుడల్లా గలగలమంటాయి. చూసినవాళ్లు ఏదో పెళ్లి వంటకి పోతున్నాం అనుకుంటారు.

వెనక సీట్లో అక్క. ఒళ్లో ఫైలు. "ఒరేయ్, నెమ్మదిగా పోనీ. గిన్నె సొట్టపడితే కొలత మారిపోతుంది" అంది.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. మధురవాడ వైపు ఐటీ హిల్ మీద ఆఫీసు. వారానికి మూడు రోజులు మొహం చూపిస్తే చాలు. నాలుగు నెలలుగా నాకు రెండో ఉద్యోగం ఒకటి ఉంది. అక్క చేస్తున్న ఎమ్మెస్సీ హోమ్ సైన్స్ ప్రాజెక్టుకి డ్రైవర్ని, కాటా మోసేవాణ్ని, డేటా ఎంట్రీ ఆపరేటర్ని. జీతం లేదు. వెళ్లిన ప్రతి ఇంట్లో టీ ఇస్తారు, అదే.

పుట్టి పెరిగింది వైజాగ్‌లోనే. చుట్టాలు వచ్చినప్పుడల్లా బీచ్ రోడ్డు, సబ్‌మెరైన్, కైలాసగిరి చూపించీ చూపించీ నాకు ఊరు మొత్తం తెలుసనే అనుకున్నా. తీరా చూస్తే నాకు తెలిసింది రోడ్లు మాత్రమే. ఇళ్ల లోపలికి, అందులోనూ వంటింటి దాకా ఎప్పుడు వెళ్లాను గనక?

ముందు అక్క సంగతి చెప్పాలి.

అక్కకి 34. పదకొండేళ్ల కిందట హోమ్ సైన్స్‌తో బీఎస్సీ చేసింది. ఆ వెంటనే పెళ్లి, తర్వాత పాప. మధ్యలో సిటీలో ఒక ప్రైవేటు మహిళా డిగ్రీ కాలేజీలో డెమాన్‌స్ట్రేటర్‌గా చేరింది. పేరు ఎందుకులెండి. చేరింది ల్యాబ్ చూసుకోవడానికి. ఏడాది తిరిగేసరికి క్లాసులు కూడా తనే చెప్పడం మొదలుపెట్టింది. జీతం మాత్రం ల్యాబ్ జీతమే. పోయినేడాది పిలిచి, "పీజీ లేకుండా ఇక కష్టమమ్మా" అన్నారు. వాళ్లన్నదాంట్లో తప్పు లేదు. డిగ్రీ కాలేజీలో లెక్చరర్ అంటే మాస్టర్స్‌లో 55 శాతం ఉండాలి, దాని మీద నెట్ గానీ సెట్ గానీ పాసవ్వాలి. రూలు అదే. ఆ రూలు తనతో అన్నేళ్లు క్లాసులు చెప్పించుకున్నప్పుడు ఎవరికీ ఎందుకు గుర్తు రాలేదో మాత్రం నాకు తెలీదు.

దానికి తోడు, 2023-24 నుంచి మన దగ్గర డిగ్రీలో పాత మూడు సబ్జెక్టుల పద్ధతి పోయి సింగిల్ మేజర్ వచ్చింది. మూడింటిలో ఒకటిగా హోమ్ సైన్స్ తీసుకోవడం వేరు, మూడేళ్లూ అదే మేజర్‌గా చదవమనడం వేరు. ఇంట్లోవాళ్లు వెంటనే అడిగే ప్రశ్న, "వంట నేర్చుకోవడానికి కాలేజీ ఎందుకే?"

ఆ ప్రశ్న నేనూ అడిగాను. అక్క బీఎస్సీలో చేరిన ఏడాది నేను పదో తరగతి. "డిగ్రీ అయిపోతే ఉప్మాలో గోల్డ్ మెడల్ ఇస్తారా అక్కా?" అని అందరి ముందూ అన్నాను. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. ఇప్పుడు గుర్తొస్తే నాకే చిరాగ్గా ఉంటుంది.

తన పుస్తకాలు మొదటిసారి తిరగేసింది ఈ మధ్యే. బయోకెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, రీసెర్చ్ మెథడ్స్. బీటెక్‌లో నేను తప్పించుకు తిరిగిన కై-స్క్వేర్ టెస్టు అక్క నోట్సులో నీటుగా గీతలు గీసి ఉంది. హోమ్ సైన్స్‌లో మామూలుగా ఐదు శాఖలు ఉంటాయి. ఆహారం-పోషణ, మానవ వికాసం, వస్త్రాలు, కుటుంబ వనరుల నిర్వహణ, విస్తరణ విద్య. యూజీసీ నెట్‌లో ఇది 12వ నంబరు సబ్జెక్టు. సిలబస్ పది యూనిట్లు. అందులో బడ్జెట్టూ ఉంటుంది, బట్టల నేతా ఉంటుంది, చంటిపిల్లల ఎదుగుదలా ఉంటుంది, వినియోగదారుల రక్షణ చట్టమూ ఉంటుంది. అందుకే అక్కతో సూపర్ మార్కెట్‌కి వెళ్లకూడదు. ప్రతి ప్యాకెట్ వెనక చీమ తలకాయంత అక్షరాలు మొత్తం చదివిగానీ బుట్టలో వేయదు.

షీలానగర్, ఎయిర్‌పోర్టు, ఎన్‌ఏడీ దాటి కంచరపాలెం మెట్ట మీదుగా జ్ఞానాపురం చేరేసరికి ఏడున్నర. సినిమా పుణ్యమా అని కంచరపాలెం ఇప్పుడు అందరికీ తెలుసు. దాని పక్కనే ఉన్న జ్ఞానాపురం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఒకవైపు రైల్వే స్టేషను, ఇంకోవైపు పోర్టు. పోర్టు 1933లో మొదలైంది. ఊరు దాని చుట్టూ పెరిగింది. హోల్‌సేల్ మార్కెట్‌లో ఉల్లిపాయల బస్తాలు దిగుతుంటాయి, చర్చి గంట వినపడుతుంటుంది, లారీలు హారన్లు కొడుతూనే ఉంటాయి.

ఇక్కడే కాన్వెంట్ జంక్షన్ దగ్గర సెయింట్ జోసెఫ్ మహిళా కళాశాల ఉంది. 1958లో పెట్టారు. అక్క బీఎస్సీ ఇక్కడే. గేటు ముందు నుంచి వెళ్తుంటే బండి స్లో చేయమని భుజం మీద కొట్టింది. "ఆ చెట్టు కింద కూర్చుని గిద్దెలు, సోలలు మిల్లీలీటర్లలోకి మార్చడం నేర్చుకున్నాంరా" అంది. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ. మా నాన్నమ్మ ఇంకా అలాగే చెబుతుంది. ఇవాళ్టి పనికి అదే కావాలి మరి.

ఇంతకీ ఇవాళ్టి పనేంటంటే, "నిన్న ఏం తిన్నారు?" అని అడగడం. అంతే. దీన్ని 24 గంటల రీకాల్ అంటారు. నిన్న పొద్దున్న లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా నోట్లోకి వెళ్లిన ప్రతిదీ చెప్పించాలి. మొదటి రోజు అక్క ఇది వివరించినప్పుడు, "గూగుల్ ఫామ్ పెట్టి వాట్సాప్‌లో పంపేస్తే అయిపోద్ది కదా" అన్నాను. "పంపు, చూద్దాం" అంది. పంపాను. పదకొండు మంది నింపారు. పదకొండు మందీ ఒకటే రాశారు: అన్నం, కూర, పెరుగు.

అక్క పద్ధతి వేరు. ముందు అడ్డు తగలకుండా వాళ్లకి గుర్తున్నదంతా చెప్పనిస్తుంది. తర్వాత మర్చిపోయేవి ఒక్కొక్కటే కదుపుతుంది. టీలో బిస్కెట్, పాప వదిలేసిన ఇడ్లీ ముక్క, రుచి చూడ్డానికి వేసుకున్న కూర, గుడిలో ప్రసాదం. ఆ తర్వాత ఎన్ని గంటలకి, ఎక్కడ కూర్చుని. ఆ తర్వాతే గిన్నెలు బయటికి తీస్తుంది. చిన్నవి, పెద్దవి వరసగా పెట్టి "వీటిలో ఏ గిన్నెడు?" అని అడుగుతుంది. వీలైతే వాళ్ల గిన్నెతోనే వాళ్ల అన్నం కాటా మీద పెట్టిస్తుంది. సోమవారం వెళ్తే ఆదివారం చికెన్ ఒక్కటే లెక్కలోకి వస్తుంది కాబట్టి ఒకే ఇంటికి వేరే వేరే రోజుల్లో మళ్లీ మళ్లీ వెళ్లాలి.

మొదటి ఇల్లు రెండు గదులు. నలభై దాటిన ఆవిడ తలుపు తీసి నా చేతిలో కాటా చూసి భయపడింది. "రేసన్ కార్డు తీసేత్తారేటి బాబూ?"

"అయ్యో లేదమ్మా, నేను కాలేజీలో పాఠాలు చెప్తాను. నా చదువు కోసం" అంటూ అక్క చెప్పులు బయట విడిచి నేరుగా గడప పక్కన నేల మీద కూర్చుంది. కుర్చీ వేస్తామన్నా వద్దంది. సంతకం పెట్టించుకునే కాగితం మొత్తం తెలుగులో చదివి వినిపించింది. ఇష్టం లేకపోతే మధ్యలో ఆపేయొచ్చని రెండుసార్లు చెప్పింది.

"నిన్న ఏం తిన్నారమ్మా?"

"ఏటి తిన్నాను, మామూలే."

ఆ "మామూలే"ని విప్పడానికి గంటా పది నిమిషాలు పట్టింది. పొద్దున్న టీ. పదింటికి గంజన్నం, ఉల్లిపాయ ముక్క. మధ్యాహ్నం అన్నం, దోసకాయ పప్పు, పిల్లలకి వేయగా మిగిలిన నెత్తళ్ల ఇగురు. సాయంత్రం మళ్లీ టీ. రాత్రి?

"రాత్రి... ఆయనా పిల్లలూ తిన్నాక మిగిలింది తిన్నాను."

"ఎంత మిగిలిందమ్మా?"

"ఎంత మిగిలితే అంత." నవ్వింది.

అక్క నవ్వలేదు. గిన్నెలు ముందుకు జరిపింది. ఆవిడ కాసేపు చూసి, అన్నిటికంటే చిన్న గిన్నె మీద వేలు పెట్టింది. మళ్లీ ఆలోచించి, అది కూడా నిండా కాదు, సగానికి పైన అని గీత చూపించింది.

తిరిగి వచ్చేటప్పుడు బట్టల గురించి కూడా అడిగింది అక్క. వంటింటికి దానికీ సంబంధం ఏంటో నాకు అర్థం కాలేదు. బొగ్గు, ఖనిజం దిగే చోటికి దగ్గర ఇళ్లు ఇవి. గాలి ఇటు తిరిగిన రోజు డాబా మీద ఆరేసిన బట్టల మీద నల్లటి పొడి పడుతుంది. తెల్ల చొక్కా అయితే మళ్లీ ఉతకాల్సిందే. గిన్నెలు వాడేముందు ఇంకోసారి తొలవాలి, గచ్చు రెండుపూటలా తుడవాలి. ఆవిడ లెక్కగట్టి చెబుతుంటే అక్క "సమయం" అని రాసి ఉన్న పేజీలో గడులు నింపుకుంటూ పోయింది.

బయటికొచ్చాక అడిగాను. "ఎంత తింటుందో తెలియాలంటే ఎంత పని చేస్తుందో తెలియాలి కదరా" అంది.

లెక్క ఇలా ఉంటుంది. ఎక్కువ శ్రమ లేని పని చేసే మగమనిషికి రోజుకి కావలసిన శక్తిని 1 యూనిట్ అనుకుంటారు. ఒక మోస్తరు శ్రమ చేసే మగవాడికి 1.2, బరువు పని చేసేవాడికి 1.6. ఆడవాళ్లకి శ్రమ తక్కువైతే 0.8, మోస్తరుగా ఉంటే 0.9, బరువు పనికి 1.2. మన జాతీయ పోషకాహార సంస్థ వాళ్ల పాత పట్టిక ఇది. ఆ సంస్థ 1918లో కూనూరులో ఒక చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై 1958లో హైదరాబాద్ వచ్చింది. ఇప్పటికీ తార్నాక వైపు వెళ్తే కనబడుతుంది.

ఇప్పుడు చెప్పండి, జ్ఞానాపురం ఆవిడ ఏ గడిలోకి వస్తుంది? ఫారంలో వృత్తి అనే చోట ఆవిడ చెప్పింది "ఏటీ లేదు, ఇంట్లోనే." ఆ మాట పట్టుకుని చాలామంది 0.8 వేసేస్తారట. రెండంతస్తులు నీళ్లు మోసి, ఉతికిన బట్టలే రెండోసారి ఉతికే మనిషిని ఏసీ గదిలో కూర్చుని కోడ్ రాసే నాతో కలిపి ఒకే గడిలో కూర్చోబెట్టడం అన్నమాట. 0.8, 0.9... చూడ్డానికి ఎంత చిన్న తేడా! ఈ తేడా దగ్గరే అక్క రెండు వారాలు ఆగిపోయింది.

ఇనుము సంగతి ఇంకోటి. ఐసీఎంఆర్ 2020 సిఫార్సుల ప్రకారం మగవాళ్లకి రోజుకి 19 మిల్లీగ్రాముల ఇనుము చాలు. ఆడవాళ్లకి 29 కావాలి. అంటే తక్కువ తిండిలోంచి ఎక్కువ ఇనుము రాబట్టాలి. పైగా అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ వచ్చేదీ సరిగా ఒంటబట్టదు. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఇనుము ఉత్పత్తి చేసే ఊరు మనది. ఈ జోకు నేను వేస్తే అక్క చాలా కోపంగా చూసింది.

ఆ ఇనుము ఊరివైపే మిగతా సగం ఇళ్లు. కూర్మన్నపాలెం, ఉక్కునగరం చుట్టుపక్కల. స్టీల్ ప్లాంట్ కథ మీకు తెలిసే ఉంటుంది. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించారు, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పీవీ నరసింహారావు జాతికి అంకితం చేశారు. 2021లో ప్రైవేటీకరణ నిర్ణయం వచ్చాక కూర్మన్నపాలెం గేటు దగ్గర దీక్షా శిబిరం వెలిసింది. ఇదంతా పేపర్లలో వచ్చింది, పాటల్లో వచ్చింది. ఏ, బీ, సీ షిఫ్టులు తిరిగే ఇంట్లో పొయ్యి ఎన్నిసార్లు వెలుగుతుందో మాత్రం నేనెక్కడా చదవలేదు.

మా బావది కూడా షిఫ్టు డ్యూటీయే, వేరే ఫ్యాక్టరీలో. అందుకే అక్కకి ఈ టాపిక్ తట్టింది. పొద్దున షిఫ్టు వారం తెల్లవారుజామున నాలుగింటికే క్యారేజీ. రాత్రి షిఫ్టు వారం పగలంతా ఇంట్లో చప్పుడు చేయకూడదు, మిక్సీ వేయకూడదు, పిల్లల్ని ఆడనివ్వకూడదు. ఆయన మధ్యాహ్నం మూడింటికి లేస్తే అప్పుడు వేడిగా అన్నం. పిల్లల స్కూల్ టైమింగ్ మాత్రం మారదు కదా. ఒక ఇంట్లో ఆవిడ గోడ మీద క్యాలెండర్‌లో షిఫ్టులకి మూడు రంగులు పెట్టుకుంది. పక్కనే గ్యాస్ బండ మార్చిన తేదీలు. మా ఆఫీసులో ఆన్‌కాల్ రోస్టర్ ఇంత శుభ్రంగా ఉండదు.

ఆవిడ మాకు చోడి అంబలి పోసింది. అంబలి గ్లాసు నా చేతిలో ఉండగానే అక్క దాన్ని లాక్కుని కాటా మీద పెట్టింది. "వంద గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకి పైనే కాల్షియం ఉంటుందండీ, ఇది మానకండి" అని ఆవిడతో చెప్పింది. "మా అత్తగారు చెప్పేవారు, పల్లెటూరి తిండని నేనే మధ్యలో మానేశాను" అంది ఆవిడ.

అమెరికాలో లిలియన్ గిల్‌బ్రెత్ అని ఒక ఇండస్ట్రియల్ ఇంజినీర్ ఉండేది. పన్నెండు మంది పిల్లల తల్లి. ఫ్యాక్టరీలో కార్మికుల కదలికల్ని స్టాప్‌వాచ్ పెట్టి, ఫిల్మ్ తీసి లెక్కగట్టే పని భర్తతో కలిసి చేసేది. ఆయన పోయాక అదే లెక్కని వంటింట్లోకి తెచ్చింది. పొయ్యికీ, సింకుకీ, గిన్నెలకీ మధ్య ఎన్ని అడుగులు నడుస్తున్నారో కొలిచింది. కాలితో తొక్కితే మూత తెరుచుకునే చెత్తడబ్బా ఉంది చూడండి, అది కూడా ఆవిడ ఆలోచనే అంటారు. బీటెక్‌లో మాకు ఇండస్ట్రియల్ మేనేజ్‌మెంట్ పేపర్ ఉండేది. అందులో గిల్‌బ్రెత్ అనే పేరు ఉంది. వంటిల్లు లేదు.

మన దేశంలో 2024 టైమ్ యూజ్ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు దానిమీద రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. అదే పని చేసే మగవాళ్లు 88 నిమిషాలు. ఇది చదివి నేను ఒక వారం నా నిమిషాలు ఫోన్లో రాసుకున్నా. ఆ అంకె ఇక్కడ రాయను.

ఇక నేను చేసిన ఘనకార్యం.

ఇళ్లు ముప్పై దాటాక డేటా అంతా ఎక్సెల్‌లోకి ఎక్కించాం. ఒక్కో పదార్థం ఒక్కో వరుస. ఎవరు తిన్నారు, ఎప్పుడు తిన్నారు, ఎన్ని గ్రాములు. వండిన బరువులోంచి పచ్చి బరువు రాబట్టడానికి ఒక సూత్రం ఉంది: మనిషి తిన్న వండిన పదార్థాన్ని, వండిన మొత్తంతో భాగించి, పోసిన పచ్చి సరుకుతో గుణించాలి. తర్వాత 2017 భారత ఆహార సమ్మేళన పట్టికల్లో చూసి పోషకాలు లెక్కగట్టాలి. అందులో 528 ఆహారాలు ఉన్నాయి. అక్క రాత్రిళ్లు పాపని పడుకోబెట్టి క్యాలిక్యులేటర్‌తో కొడుతుంటే చూడలేక, "ఇది నాకు వదిలెయ్" అన్నాను. రెండు గంటల్లో పైథాన్ స్క్రిప్ట్ రాసేశాను. రన్ కొట్టగానే గ్రాఫులు వచ్చేశాయి. అక్క ఆశ్చర్యపోతుందని కాలర్ ఎగరేశాను.

అక్క గ్రాఫు చూసింది. చాలాసేపు చూసింది.

"రాత్రి భోజనంలో ఆడవాళ్ల సగటు ఇంత బాగుందేంటిరా?"

"బాగుంటే మంచిదే కదా."

"జ్ఞానాపురం మొదటి ఇంటావిడ రాత్రి భోజనం చూపించు."

వెతికాను. లేదు. ఆవిడ ఒక్కర్తిదే కాదు, చాలామందివి లేవు. అప్పుడు వెలిగింది. స్క్రిప్ట్ మొదట్లో అలవాటుగా ఒక లైన్ రాశాను. ఖాళీ గడి ఉన్న వరుసలు తీసేయమని. ఏ డేటా వచ్చినా మేం మొదట చేసే పని అదే, క్లీనింగ్ అంటాం. ఫారాల్లోంచి ఎక్కించేటప్పుడు నేనే, గ్రాముల దగ్గర "మిగిలింది", "అడుగున ఉన్నది", "సరిపోలేదు, టీ తాగి పడుకున్నా" అని ఉన్నచోటల్లా అంకె కాదు కదా అని ఖాళీ వదిలేశాను. గిన్నె మీద వేలు పెట్టి చూపించిన కొలత అక్క పక్కన మార్జిన్లో పెన్సిల్‌తో రాసుకుంది. నేను మార్జిన్ చూడలేదు. కడుపు నిండా తిన్నవాళ్లవి మాత్రమే మిగిలి, సగటు పెరిగింది.

అక్క తిట్టలేదు. తిడితే బాగుండేది. "నువ్వు తీసేసిన వాళ్ల కోసమేరా నేను ఇదంతా చేస్తోంది" అని లేచి వెళ్లి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. రాత్రి పదకొండున్నర. నేను కూడా వెళ్లి పక్కన నిలబడి కడిగినవి తుడిచాను.

ఆ తర్వాత రెండు వారాలు ఫారాలన్నీ మళ్లీ మొదటి నుంచి ఎక్కించాను, మార్జిన్లతో సహా. ఇప్పుడు షీట్‌లో కొత్త కాలమ్ ఒకటి ఉంది. దాని పేరు "మిగిలింది". తన గైడ్ మేడంకి ఆ కాలమ్ బాగా నచ్చిందట. నా స్క్రిప్ట్ గురించి మాత్రం ఆవిడ ఏమీ అనలేదు.

ఈ చదువు పుట్టిన తీరు కూడా చెప్పాలి. అమెరికాలో ఎలెన్ స్వాలో రిచర్డ్స్ 1873లో ఎంఐటీ నుంచి కెమిస్ట్రీ డిగ్రీ తీసుకుంది. అక్కడ చదివిన మొదటి ఆడమనిషి ఆవిడే. నీళ్లూ, గాలీ, తిండీ పరీక్ష చేసే కెమిస్టు. 1899లో లేక్ ప్లాసిడ్ అనే ఊళ్లో కొంతమందిని కూర్చోబెట్టి, ఇంటిని సైన్సుగా ఎలా చదవాలో మాట్లాడింది. అక్కడ మొలకెత్తిందే హోమ్ ఎకనామిక్స్. తొంభైల్లో అక్కడివాళ్లు ఆ పేరు మార్చి ఫ్యామిలీ అండ్ కన్జ్యూమర్ సైన్సెస్ అన్నారు. మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లోనూ ఇప్పుడు హోమ్ సైన్స్ అనరు, కమ్యూనిటీ సైన్స్ అంటారు. పేరు మారిస్తే ఉప్మా జోకులు ఆగుతాయా? ఏమో, నాకు నమ్మకం లేదు.

మన దగ్గర పెద్ద పేర్లు రెండు. కోయంబత్తూరు అవినాశిలింగం కాలేజీని నిలబెట్టిన రాజమ్మాళ్ దేవదాస్ అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసి వచ్చారు. బరోడా యూనివర్సిటీకి మొదటి వైస్ చాన్సలర్‌గా ఉన్న హంసా మెహతా. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటనలో "మగవాళ్లందరూ" అనే అర్థం వచ్చే మాటని "మనుషులందరూ" అని మార్పించింది ఈవిడే. ఆడపిల్లలకో సిలబస్, మగపిల్లలకో సిలబస్ వద్దని అరవైల్లోనే కమిటీ రిపోర్టు ఇచ్చారు. ఆ తర్వాత కొఠారీ కమిషన్ కూడా హోమ్ సైన్స్‌ని ఆడపిల్లల మీద తప్పనిసరిగా రుద్దొద్దంది. మంచిదే. అయితే రుద్దడం ఆగింది గానీ, మగపిల్లలకి నేర్పడం మొదలవలేదు. నేను గుడ్డు ఉడకబెట్టడం బెంగళూరులో పీజీ హాస్టల్లో యూట్యూబ్ చూసి నేర్చుకున్నా.

పోయిన శనివారం ఆంధ్రా యూనివర్సిటీకి వెళ్లాం. వీఎస్ కృష్ణా లైబ్రరీలో అక్క పాత థీసిస్‌లు చూసుకోవాలి. 1926లో పెట్టిన యూనివర్సిటీ ఇది. చెట్ల కింద నడుస్తుంటే ఇప్పటికీ సముద్రం గాలి తగులుతుంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఇక్కడే చదివారు. ముప్పైల్లో ఆవిడ సీటు అడిగితే ఆడపిల్లలకి హాస్టల్ లేదన్నారట. ఆవిడ పేపర్లో ప్రకటన వేయించి, తనలాగే చదవాలనుకునే అమ్మాయిల్ని పోగుచేసి, హాస్టల్ పెట్టించుకుని మరీ చేరారని చెబుతారు. ఇప్పుడు క్యాంపస్‌లో ఆవిడ పేరుతో మహిళా అధ్యయన కేంద్రం ఉంది. అక్క ఆ బోర్డు ముందు నిలబడి ఫొటో దిగింది. నెట్ అప్లికేషన్‌కి ఈ ఫొటో పనికొస్తుందా అని అడిగింది. పనికిరాదు, బ్యాక్‌గ్రౌండ్ తెల్లగా ఉండాలి.

నెట్ డిసెంబర్‌లో. లెక్చరర్ అర్హతకి వయసు పరిమితి లేదు. జేఆర్‌ఎఫ్‌కి ఉంది. 30 ఏళ్లు, ఆడవాళ్లకి ఐదేళ్ల సడలింపు. అక్కకి వచ్చే మార్చిలో 35 నిండుతాయి. అంటే జేఆర్‌ఎఫ్‌కి ఇదొక్కటే ఛాన్స్. వస్తే నెలకి 37,000 రూపాయల ఫెలోషిప్‌తో పీహెచ్‌డీలో చేరొచ్చు. రాకపోతే నెట్ ఒక్కటైనా చేతికొస్తే చాలు అంటుంది. అదీ రాకపోతే అన్న మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. బావ మాత్రం ఈ మధ్య రాత్రి షిఫ్టు వారంలో క్యారేజీ తనే సర్దుకుంటున్నాడు. మొదటిరోజు కూర మర్చిపోయి అన్నం ఒక్కటే పట్టుకెళ్లాడు.

లైబ్రరీ నుంచి ఇంటికొచ్చేసరికి రాత్రయింది. అమ్మ అందరికీ వడ్డించి తను చివర్లో కూర్చుంది. అక్క ఫైల్లోంచి ఖాళీ ఫారం తీసి, ప్రాక్టీసు కోసం అన్నట్టు అడిగింది.

"అమ్మా, నిన్న రాత్రి ఏం తిన్నావు?"

"నిన్నా? ఏటో తిన్నాన్లే. మామూలే."

అక్క నా వైపు చూసింది. నేను లేచి బ్యాగులోంచి గిన్నెలు తెచ్చి అమ్మ ముందు వరసగా పెట్టాను. అమ్మకి నవ్వొచ్చింది, తర్వాత కొంచెం కోపం కూడా వచ్చింది. "అన్నం దగ్గర ఈ లెక్కలేట్రా" అంది. అయినా చూసి చూసి ఒక గిన్నె మీద వేలు పెట్టింది. చిన్నదాని మీదే.

అరవై ఇళ్లలో ఇంకా రెండున్నాయి, రెండూ కూర్మన్నపాలెం వైపే. ఆదివారం పొద్దున్న ఆరింటికి రమ్మన్నారు, ఆయన రాత్రి షిఫ్టు నుంచి వచ్చేలోపు. కాటాలో సెల్స్ అయిపోయాయి. రేపు ఆఫీసు నుంచి వస్తూ కొనాలి.